పొయ్యిని పలకరించే రెదెంతో

రెదెంతో ఎవరింటికి వెళ్ళినా ముందు మనుషుల్ని పలకరించడు. పొయ్యిని పలకరిస్తాడు. గడప మీద బూట్ల మంచు దులుపుకుంటూనే "ఎలా ఉంది?" అంటాడు. ఇంటావిడ పాపం, తననే అనుకుని "మోకాళ్ళు ఒకటే సలుపు రెదెంతో..." అని మొదలెడుతుంది. "నిన్నెవరడిగారు? దాన్ని అడుగుతున్నా" అని ఆవిణ్ణి దాటుకుపోయి పొయ్యి ముందు గొంతుక్కూర్చుంటాడు.

కార్నియా కొండల్లో ఆ ఊళ్ళో కట్టెల పొయ్యిలు ఒక్కొక్కటే మూలపడి, పెల్లెట్ పొయ్యిలొచ్చాయి. చెక్కపొట్టు అదిమి చేసిన గుళికలు పైనున్న తొట్టిలో పోస్తే చాలు. లోపల మర తిరిగి, వాటిని కాసినికాసిని నిప్పు గిన్నెలోకి తోస్తుంది. అంతా కరెంటు మహిమ. లోయలో బస్సు నడిపి నడిపి రిటైరైన రెదెంతో, చేతిలో స్టీరింగు లేక పిచ్చెక్కి తిరుగుతున్న రోజుల్లో ఇవి దిగాయి. అంతే, చంకలో బూడిద పీల్చే మెషినూ, జేబులో పాత గడ్డం బ్రష్షూ పెట్టుకుని ఇళ్ళమీద పడ్డాడు.

పొయ్యి గాజు తలుపు చూసి మనిషి గుణం చెప్పేవాడు. "గాజు గోధుమరంగుంటే బద్ధకం. నల్లగా ఉంటే అబద్ధాలు." చర్చి ఫాదర్ గారింట్లో గాజు బొగ్గులా ఉందని ఊరంతా చాటింపు వేశాడు. ఆ ఆదివారం ఫాదర్ గారు నిజాయితీ గురించి ప్రసంగిస్తుంటే ముందు వరసలో ఒకటే దగ్గులు.

పాత స్నేహితుడు గాస్పరె పోయినప్పుడైతే మరీ చోద్యం. ఆ ఇంట్లో శవపెట్టె చుట్టూ చేరి అందరూ జపమాల చెబుతున్నారు. ఉన్నట్టుండి రెదెంతో మోకాళ్ళమీద కూలబడ్డాడు. "ఎంత స్నేహమమ్మా వాళ్ళది!" అని ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. తీరా చూస్తే తల పొయ్యి వెనక దూరి ఉంది.

"మర కీచుమంటోంది," అని గొంతొక్కటే వినిపించింది. "గాస్పరె ఉంటే ఒప్పుకునేవాడా?"

ఇలాంటి మనిషి చేతిలో పడింది, ఒంటరిగా ఉండే ఒనొరీనా.

పడాలని పడలేదు. గడ్డి అటక నిచ్చెన జారి కుడి భుజం విరిగింది. ఎముక అతుక్కుంది గానీ చెయ్యి నడుం దాటి పైకి లేవదు. కట్టెలు కొట్టే చెయ్యి అది. ఆ సంగతి తెలిసి మైదానం నుంచి ఆడపడుచు ఇల్డే ఫోన్ చేసింది.

"వదినా, నిప్పు రాజేసుకోలేని దానివి ఆ మంచులో ఎలా ఉంటావు? మా ఇంటికొచ్చెయ్."

ఇల్డే ఇంట్లో తెల్లారి పెట్టిన టీవీ పడుకునేదాకా ఆగదు. ఇల్డే మొగుడు అన్నం బల్ల దగ్గరే కాలిగోళ్ళు తీసుకుంటాడు. అక్కడ ఒక చలికాలం గడపడమంటే ఒనొరీనాకి మేకలపాకలో పడుకోవడమే నయమనిపించింది.

"పెల్లెట్ పొయ్యి పెట్టిస్తున్నా. దాన్ని నేనే నడుపుకుంటా."

"సరే. జనవరిలో వచ్చి చూస్తా. నువ్వు ఒక్కదానివే నడుపుకోలేకపోతే మాత్రం సామాను సర్దుకోవాల్సిందే."

పొయ్యి బిగించినవాడి వ్యాను ఇంకా మలుపు తిరగనే లేదు, రెదెంతో గుమ్మంలో ఉన్నాడు. "ఎలా ఉంది?"

"ఒళ్ళంతా నొప్పులు—"

"నిన్నెవరడిగారు?"

అలా మొదలైంది ఆవిడ తలనొప్పి.

మొదటి ఆదివారమే తప్పు చేసింది. పూజకి వెళుతూ, ఇల్లు వదిలేటప్పుడు దీపం ఆర్పినట్టు, పొయ్యి ప్లగ్గు పీకేసి వెళ్ళింది. గాలి లాగే ఫ్యాన్ ఆగి, గిన్నెలో నిప్పు మిగిలి, పొగంతా ఇంట్లోకే తిరిగింది. వచ్చేసరికి వంటింట్లో చెయ్యి కనపడటం లేదు. రెదెంతో కిటికీలు తెరుస్తూ అరుస్తున్నాడు.

"ఈ ఇంట్లో జున్ను వేలాడదీస్తే చాలు, పొగబెట్టిన జున్నని అమ్ముకోవచ్చు! ప్లగ్గు ఎవరు పీకమన్నారు? బటను నొక్కి, ఫ్యాన్ ఆగేదాకా ఉండాలి."

"ఆర్పితే ఆరాలి గానీ, జోలపాట పాడి పడుకోబెట్టాలా దీన్ని?"

"పాడాలి!"

అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఒనొరీనా కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని, పొయ్యి నిద్రపోయేదాకా ఎదురుగా నిలబడేది. పూజలో మొదటి పాట విని ఎన్నాళ్ళయిందో.

మరో రోజు వేయించిన చెస్ట్‌నట్ కాయల తొక్కలు తొట్టిలో పారేసింది. పాత పొయ్యికి ఏం పడేసినా తినేది మరి! మర బిగుసుకుపోయింది. రెదెంతో తొట్టి మొత్తం తోడి, ఒక్కో తొక్కా ఏరి బల్లమీద వరసగా పేర్చాడు, హత్యకేసులో సాక్ష్యాల్లాగా.

"దీనికి నోరుంది గానీ పళ్ళు లేవు ఒనొరీనా. అర్థమైందా?"

"నీకు రెండూ ఉన్నాయి, అదే నా ఖర్మ."

అయితే నేర్చుకుంది. రోజూ పొద్దున్నే చల్లారిన నిప్పు గిన్నె తీసి ఎడమచేత్తో తట్టడం, చిల్లులు పొడవడం, గాజు తుడవడం. తుడిచిన ప్రతిసారీ చేతి నొప్పి కన్నా నోటి నొప్పి ఎక్కువ. అంత తిట్టేది ఆ మనిషిని.

అన్నిటికన్నా విసిగించింది గుళికల పరీక్ష. వారంలో కొన్నిసార్లు రెదెంతో షెడ్డులోంచి దూడంత సంచి భుజాన వేసుకొచ్చి, పొయ్యి పక్కన పొట్టి బెంచీ మీద పడుకోబెట్టేవాడు. మూల కోసి, గుప్పెడు వాసన చూసి, ఒక గుళిక గ్లాసు నీళ్ళలో వేసేవాడు. "మునిగింది. మంచిదే." ఇక అంతే. కోసిన సంచిని అక్కడే వదిలేసి, అందులో ఒక పాత కాఫీ డబ్బా గుచ్చి, చక్కా పోయేవాడు.

"ఇది వంటిల్లా, గోడౌనా? తీసి పక్కన పెట్టి పో!"

"నాకు తీరిక లేదు. కోసిన సంచి చెమ్మ పడుతుంది, చూసుకో."

చెమ్మ పడితే పాడైపోదూ! చేసేది లేక తిట్టుకుంటూ డబ్బాతో గుళికలు తోడి తొట్టిలో పోసేది. ఖాళీ సంచి మడిచి విసిరేసేది. మళ్ళీ ఊపిరి తీసుకునేలోగా ఇంకో సంచి, ఇంకో గ్లాసు. ఎవరో పారబోసిన చెత్త ఎత్తుతున్నట్టే ఆ చలికాలం గడుస్తూ వచ్చింది ఆవిడకి.

జనవరిలో అన్నట్టే ఇల్డే దిగింది. కోటు విప్పకుండానే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"చూపించు వదినా."

ఒనొరీనా గిన్నె తట్టింది, చిల్లులు పొడిచింది, బటను నొక్కింది. కాసేపటికి గాజు వెనక మంట లేచి నిలబడింది. ఇల్డే పెదవి విరిచింది.

"ఇదంతా సరే. తొట్టి నింపేదెవరు? ఆ సంచి నువ్వెత్తలేవు కదా."

ఒనొరీనాకి ఇల్డే ఇంటి టీవీ మోత, గోళ్ళ చప్పుడు చెవుల్లో వినిపించాయి. చేతులు ఖాళీగా ఉంటే ఏడుపొస్తుందని, పొద్దున రెదెంతో వదిలిపోయిన సంచిలోంచి డబ్బా ముంచి తొట్టిలో పోసింది. మళ్ళీ ముంచింది. మళ్ళీ పోసింది.

"ఏం చేస్తున్నావు?" అంది ఇల్డే.

"ఆ దరిద్రుడు పరీక్షకని కోసి పారేసిపోయాడు. చెమ్మ పడుతుందని..."

"పరీక్షా? ఏం పరీక్ష?"

"ప్రతి సంచీ నీళ్ళలో వేసి చూస్తాడు."

"మా ఊళ్ళో ఇంటింటికీ ఈ పొయ్యిలే. సంచి తెస్తాం, పోస్తాం. ప్రతి సంచికీ పరీక్ష పెట్టేవాణ్ణి ఎక్కడా చూళ్ళేదమ్మా."

డబ్బా గాల్లో ఆగింది. ఒనొరీనా బెంచీ వైపు చూసింది. నడుం ఎత్తు కూడా లేని బెంచీ. ఎప్పుడూ పొయ్యికి ఎడమవైపే పడుకోబెట్టిన సంచి. ఎప్పుడూ ఆవిడ ఎడమచేతికి అందే మూలే కోసి ఉండేది. రెదెంతోదేమో కుడిచేతి వాటం, తన వీలు చూసుకుంటే అవతలి మూల కోసేవాడు.

ఇల్డే కూడా చూసింది. కోటు విప్పి కుర్చీకి తగిలించింది.

"పొయ్యి నువ్వే నడుపుకుంటున్నావు. తొట్టి నువ్వే నింపుకుంటున్నావు. పైగా సంచులు మోసే పిచ్చివాడొకడు. ఇంక నాకేం బెంగ? కాఫీ పెట్టు."

సాయంత్రం బస్సెక్కి ఇల్డే ఒక్కతే మైదానానికి వెళ్ళిపోయింది.

మర్నాడు గడప మీద బూట్లు దులుపుకున్న చప్పుడైంది.

"ఎలా ఉంది?"

ఒనొరీనా తన భుజం సంగతి ఎత్తలేదు. "ఆకలి బాగా వేస్తోంది దానికి," అంది కాఫీ పోస్తూ. "షెడ్డులో ఇంకో సంచి ఉన్నట్టుంది. పరీక్ష చెయ్యాలేమో."

రెదెంతో చెవులు ఎర్రబడ్డాయి. వంగి, గాజులోకి చాలా శ్రద్ధగా చూశాడు.

"చెయ్యాలి," అన్నాడు. "ఈ మధ్య గుళికల్ని అస్సలు నమ్మడానికి లేదు."