పెరటాసి వెళ్లాక వండాల్సిన మాంసం

నాన్నకు గంజి కూడా గొంతు దిగని రోజుల్లో ఒక్క కోరిక మిగిలింది, అడవి పంది కూర. నేను సెలవు పెట్టి బటాంగ్ బెర్జుంటై ఊళ్లోని మా ఇంటికి వచ్చేసరికే డాక్టరు చేతులెత్తేశాడు. ఏది అడిగితే అది పెట్టండి అన్నాడు. ఆ మాటకు అర్థం మాకు తెలుసు.

"ఎనక పెట్లో ఉంది కదేటి, మనం దాసినది?" అని నాన్న అడిగారు.

ఉంది. పందుల జ్వరం వచ్చి పామాయిలు తోటల్లో అడవి పందులు కనబడటం మానేశాయి. అంతకుముందు నాన్న స్నేహితుడు కొట్టిన ఆఖరి పందిలో మా వాటా అది. అమ్మవారి పటం ఉన్న వంటింట్లోకి ఆ మాంసాన్ని అమ్మ రానివ్వదు. అందుకని వెనక వసారాలో దానికి వేరే ఫ్రీజర్, వేరే పొయ్యి, వేరే గిన్నె.

కానీ అది పెరటాసి, శనివారం పూజల నెల. మా ఇళ్లలో ఆ నెలంతా నీసు ముట్టరు. ఈయనకిప్పుడు ఏ నెలైతే ఏంటని అమ్మ మీద విరుచుకుపడ్డాను. అమ్మ మెత్తబడింది కూడా. ఒప్పుకోనిది నాన్నే.

"పుట్టినకాడి నుంచి తప్పనేదు, ఇప్పుడు తప్పుతానేటి? నెల ఎల్లనీ. పెట్లోది ఎక్కడికి పోద్ది?"

నాకు దేవుడి మీదే ఒళ్లు మండింది. మనిషి ఎముకల గూడై మంచాన ఉంటే ఈ లెక్కలేమిటి?

నేను పోర్ట్ క్లాంగ్‌లో ఒక చలిగోదాములో పని చేస్తాను. గడ్డకట్టిన చేపలూ మాంసమే నాకు కూడు పెడుతున్నాయి. గాలి చొరకుండా చుట్టి, మధ్యలో కరగనివ్వకపోతే అడవి మాంసం ఏడాది దాకా ఆగుతుంది. కొవ్వున్నది కాస్త ముందే రుచి తప్పుతుంది. మాది ఇంకా ఏడాది కాలేదు. మాంసం గురించి నాకు భయం లేదు, నెల వెళ్లేదాకా నాన్న ఆగుతారా అన్నదే భయం.

ఆగారు. నెల వెళ్లిన మర్నాడు పొద్దున్నే అమ్మ మసాలా నూరుతుంటే నేను ఫ్రీజర్ తెరిచాను. మాంసం రాయిలా ఉంది. కానీ విడివిడిగా పెట్టిన పొట్లాలన్నీ ఒకే దిమ్మగా అతుక్కుపోయాయి. అడుగున నెత్తురు మడుగు కట్టి గడ్డకట్టింది. పూర్తిగా కరిగి, కారి, మళ్లీ గడ్డకడితేనే అలా అవుతుంది. గోదాములో అలాంటివి కనబడితే మారు మాట లేకుండా పారేయిస్తాం.

"అమ్మా, దీన్ని ఎవులైనా ఆపినారా?"

నూరుతున్న చెయ్యి ఆగిపోయింది. "శనోరం పూజకి లైట్లెట్టినాం కదా, ప్లగ్గు సాల్లేదని పీకినాను. నీసు పెట్టె కదా, ఈ నెల్లో దాంతో మనకేటి పని అనుకున్నాను. మంగళోరం గేపకమొచ్చి మల్లీ ఎట్టినాను. గట్టిపడిపోనాది కదాని ఊరుకున్నాను."

ఆ ఎండల్లో అన్ని రోజులు. ఒక మూల కోసి వేడినీళ్లలో వేశాను. వాసనకి అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"బాగా ఉడకబెడితేనో?" అంది.

"ఎంత ఉడకబెట్టినా ఇసం ఇసమే అమ్మా."

తెలిసిన ఇళ్లన్నిటికీ ఫోన్లు చేశాను. ఎవరి దగ్గరా లేదు. బజారు పంది దొరుకుతుంది, కానీ ఒక్క ముక్కతో నాన్న కనిపెట్టేస్తారు. అమ్మ వసారా మెట్టు మీద కూలబడి, చప్పుడు బయటికి రాకుండా ఏడుస్తోంది. నాకు ఏడవడానికి కూడా చేతకాలేదు. ఆ దిమ్మని పెరట్లో గొయ్యి తీసి పాతిపెట్టాను.

చేతులు కడుక్కుని లోపలికి వెళ్లాను. నూరిన మసాలా వాసన అప్పటికే గదిలోకి వెళ్లింది. నాన్న కళ్లు తెరిచి ఉన్నారు.

"ఉడికిందేటమ్మా?"

"ఇంకా నేదు నాన్నా."

"అడవిది కదా, బేగి ఉడకదు," అన్నారు.

కూర్చోబెట్టమన్నారు. వీపు వెనక దిండ్లు సర్దాను. ఎన్నాళ్లుగానో గ్లాసులో పడి ఉన్న పళ్ల సెట్టు అడిగి తీసుకుని, నోట్లో పెట్టుకుని, వసారా తలుపు వైపే చూస్తూ కూర్చున్నారు.