వంకర సన్నాయి

మలేషియాలోని బంటింగ్ చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఇంట పెళ్ళంటే ముప్పై రెండేళ్ళ పాటు సన్నాయి అప్పడిదే. పగలు ప్లాస్టిక్ డబ్బాల ఫ్యాక్టరీలో పని, సాయంత్రాలూ సెలవు రోజులూ రాముడి కోవెలలో వాయిద్యం. ఆ విద్య తండ్రి పెట్టిన భిక్ష. తండ్రి రబ్బరు తోటలో కూలీ. చీకటితో లేచి చెట్లు గీసి, మధ్యాహ్నం ఇంటికొచ్చి, కొడుకును గుమ్మం ముందు కూర్చోబెట్టి శ్రుతి పట్టించేవాడు.

2018లో ఒక వానరోజు, క్లాంగ్ వెళ్ళే రోడ్డు మీద ముందు పోతున్న లారీ ఉన్నట్టుండి ఆగింది. మోటర్‌సైకిల్ జారి అప్పడు తారు మీద బోర్లా పడ్డాడు. ప్రాణానికి ముప్పు రాలేదు. పైవరుసలో నాలుగు పళ్ళు రాలిపోయాయి, పెదవి నిలువునా చీలింది. కుట్లు మానాయి, కట్టుడు పళ్ళు అమరాయి. పెదవికి మాత్రం స్పర్శ తిరిగి రాలేదు.

సన్నాయి ప్రాణమంతా పెదవుల మధ్యనే ఉంటుంది. రెల్లుతో చేసిన పీకను సీవాళి అంటారు. దాన్ని పెదవులతో ఎంత నొక్కాలో, ఎప్పుడు వదలాలో తెలియాలి. రాగం అక్కడే పలుకుతుంది. మొద్దుబారిన పెదవితో అప్పడు నాలుగు నెలలు ప్రయత్నించాడు. వచ్చింది కీచు శబ్దమే. ఒకరోజు సన్నాయిని పాత పంచెలో చుట్టి బీరువా మీద పెట్టేశాడు. మళ్ళీ దించలేదు.

ఆ మరుసటి ఏడే కూతురు కోగిలవాణి పెళ్ళి. తెలుక్ ఇంటాన్ నుంచి వేరే మేళం వచ్చింది. తాళి కట్టేవేళ అక్షతలు పట్టుకుని నిలబడ్డ అప్పడి కుడిచేతి వేళ్ళు, ఎడమ ముంజేతి మీద వాటంతట అవే కదలసాగాయి. పక్కనున్న భార్య రాసమ్మ అది చూసింది. ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని, తంతు ముగిసేదాకా వదల్లేదు.

ఊదటం పోయినా చేతిపని మిగిలింది. సీవాళి కట్టడంలో అప్పడి చేతికి పేరుంది. జొహోర్ నుంచి కూడా వచ్చి చేయించుకునేవారు. ఆ పేరు విని 2022లో రవీంద్రన్ వచ్చాడు. నలభై దాటిన మనిషి, క్లాంగ్‌లో స్కూలు టీచరు. తల్లి తెలుగు, తండ్రి తమిళుడు. సంచిలోంచి ఒక చెక్క వాద్యం తీసి బల్ల మీద పెట్టాడు. జానెడున్నర పొడవు, కింద గొడుగు పిడిలా వంగి ఉంది.

"ఇది క్రమ్‌హార్న్, అంకుల్. ఇంగ్లండ్‌లో నాలుగైదు వందల ఏళ్ళ కిందటి వాయిద్యం. పాతది ఒకటి తెప్పించినాను. లోపల సీవాళి పగిలిపోయినాది. ఇక్కడ ఎవరూ సెయ్యలేరు."

"దీంతో నీకు పనేటి?"

రవీంద్రన్ చెప్పాడు. అతనికో బ్యాండ్ ఉంది. పేరు థార్న్ అండ్ టేబర్. ఎలక్ట్రిక్ గిటారు, డ్రమ్స్, కీబోర్డు అన్నీ ఉంటాయి. కానీ వాళ్ళు కట్టే పాటలకు మూలం ఇంగ్లండ్ పల్లెల్లో పాడుకున్న పాతకాలపు బాణీలు. ఒక్కో పాట పది పన్నెండు నిమిషాలు నడుస్తుంది, నడుమ రెండు మూడుసార్లు నడక మారుతుంది.

అప్పడి మొహం ముడుచుకుంది. రబ్బరు తోట తెల్లదొర బంగళాలో విందు జరిగినప్పుడల్లా తండ్రి కంచె బయట ఎండలో నిలబడి సన్నాయి ఊదిన సంగతి అతనికి తెలుసు. ఒక్కసారి కూడా లోపలికి రమ్మన్న పాపాన పోలేదు.

"దొరల పాటలకి నేనేటికి సీవాళి కట్టాల?"

"దొరలవి కావు అంకుల్. వాళ్ళ ఊళ్ళో గడ్డి కోసినోళ్ళవి, గొర్రెలు కాసినోళ్ళవి. పెళ్ళికి, కోతకి ఇది ఊదేవోళ్ళు."

అప్పడు చాలాసేపు ఆ వాద్యాన్ని తిప్పి తిప్పి చూశాడు. "అయితే ఆళ్ళకీ మేళగాళ్ళు ఉన్నారన్నమాట" అన్నాడు చివరికి. "వదిలెల్లు. సూస్తాను."

దానికి మూడు వారాలు పట్టింది. సన్నాయి సీవాళి కంటే ఇది సన్నగా, పొడుగ్గా ఉండాలి. రెల్లు నానబెట్టి, గీకి, ఇత్తడి గొట్టానికి దారంతో బిగించాడు. రెండు చెడిపోయాయి. మూడోది కుదిరినట్టే అనిపించింది. దాని మీద బోలు చెక్క మూత బిగించాక అతనికి అసలు సంగతి తట్టింది. ఈ వాద్యంలో సీవాళి మూత లోపలే ఉండిపోతుంది. పైనున్న సందులోంచి ఊపిరి పంపడమే. పెదవి దాన్ని తాకనే తాకదు.

వంటింట్లో రాసమ్మ బియ్యం కడుగుతోంది. నాలుగేళ్ళ తర్వాత ఆ ఇంట్లో మళ్ళీ వాద్యం శబ్దం పుట్టింది. పెద్ద తుమ్మెద ఒకటి గదిలో చిక్కుకున్నట్టు బొంగురుగా, నిలకడగా. ఆమె తడిచేతులతోనే గుమ్మంలోకి వచ్చింది.

"ఏటి మావా అది?"

"వంకర సన్నాయి" అన్నాడు అప్పడు.

దానికి పలికేవి తొమ్మిది స్వరాలే. గట్టిగా ఊదితే అపస్వరం, మెల్లగా ఊదితే మౌనం. పెదవితో పుట్టే గమకాలకు దానిలో చోటే లేదు. అయినా రవీంద్రన్ వచ్చినప్పుడు అప్పడు వాద్యం తిరిగివ్వలేదు. "ఊదేవోడు దొరికినాడా నీకు?" అని అడిగాడు. లేడన్నాడు రవీంద్రన్. "అయితే నేనొస్తాను."

అప్పటికి రాసమ్మ మూత్రపిండాలు చెడి ఏడాదైంది. మంగళ, గురు, శనివారాలు క్లాంగ్‌లో డయాలిసిస్. ప్రతిసారీ నాలుగు గంటలు. బ్యాండ్ సాధన చేసే మేడగది అక్కడికి రెండు వీధుల అవతల. శనివారాలు అప్పడు ఆమెను మంచం మీద కూర్చోబెట్టి, నర్సు లెచ్చుమికి అప్పగించి సాధనకు వెళ్ళేవాడు.

మొదటి రోజే ఒక పాట దగ్గర అందరూ చిక్కుబడ్డారు. దాని తాళం ఏడు మాత్రల నడక. డ్రమ్స్ వాయించే ఫైజల్ పెదవులు కదుపుతూ లెక్కపెడుతున్నాడు. అప్పడు చేత్తో తొడ మీద కొట్టి చూపించాడు. "తకిట తకధిమి. లెక్కెట్టకు, నోటితో అను." నాలుగుసార్లు అనిపించాక ఫైజల్ పుల్లలు కింద పెట్టి మరీ నవ్వాడు. ఆ రోజు నుంచి బ్యాండ్‌లో ఎవరూ అంకెలు లెక్కపెట్టలేదు.

కీబోర్డు వాయించేది మధులిక. విజయనగరం నుంచి వచ్చి సైబర్‌జయాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. అప్పడి యాస విన్నప్పుడల్లా ఆమెకు నాన్నమ్మ గుర్తొచ్చేది. బాబాయ్ అని పిలిచేది. రాసమ్మ అక్కడ గోడ చూస్తూ పడుకుంటుందని తెలిశాక ఆమే ఒక ఉపాయం చెప్పింది. "పిన్నిగారికి ఫోన్ చేసి కీబోర్డు మీద పెట్టేస్తాను బాబాయ్. మనం వాయించుకుంటూ పోదాం, ఆవిడ వింటారు."

అలా ఏడాది గడిచింది. ఇంటికి వెళ్ళే బస్సులో రాసమ్మ తన అభిప్రాయం చెప్పేది. "ఆ మద్దిలో గోల ఎందుకు మావా? నువ్వొక్కడివీ ఊదిన కాడే బాగుంది." నవంబరులో కచేరీ పెట్టుకున్నారు. ఆ రోజు చేతికి డయాలిసిస్ సూది ఉన్నా సరే ముందు వరసలో కూర్చుంటానంది.

సెప్టెంబరులో ఒక శనివారం, కచేరీ కోసం ఎంచుకున్న ఇంగ్లండ్ కోతపాట మూడోసారి వాయించి ముగించాక, అప్పడు జేబులోంచి ఫోన్ తీశాడు. ఆసుపత్రి నంబరు నుంచి ఏడు కాల్స్. రెండు వీధులూ పరుగెత్తాడు. మంచం చుట్టూ తెర లాగి ఉంది. రాసమ్మ గుండె ఆగి అప్పటికే పావుగంట దాటింది.

కర్మకాండ ముగిశాక బ్యాండ్‌వాళ్ళు ఇంటికి వచ్చారు. అప్పడు క్రమ్‌హార్న్ తెచ్చి రవీంద్రన్ చేతిలో పెట్టాడు.

"అది పోతుంటే నేను పాట ఊదుకుంటన్నాను. ఇంక నాకొద్దు."

రవీంద్రన్ బతిమాలలేదు. వాద్యాన్ని ఒళ్ళో పెట్టుకుని తలవంచుకు కూర్చున్నాడు. కచేరీ మానేద్దామని మధులిక అంది.

నెల తిరిగాక రాసమ్మ దుప్పటి, చెప్పులు తెచ్చుకోవడానికి కోగిలవాణి తండ్రిని క్లాంగ్ తీసుకెళ్ళింది. మూట అందిస్తూ నర్సు లెచ్చుమి ఆగింది. తమిళంలో మెల్లగా చెప్పింది. ఆ రోజు నాడి చూడబోతే రాసమ్మ వేలు అడ్డం పెట్టి మాట్లాడొద్దని సైగ చేసిందట. ఫోన్ చెవికి ఆనించుకుని ఉందట. కాసేపటికి కళ్ళు మూసుకుంటే, పాట వింటూ నిద్రపోయిందనుకున్నారట. మిషన్ మోగాకనే తెలిసింది. ఫోన్ అప్పటికీ పలుకుతూనే ఉంది.

అప్పడు మూట అందుకుని అక్కడే కుర్చీలో కూర్చున్నాడు. తాను పక్కన ఉండి ఉంటే బతికేదా? డాక్టరు లేదనే చెప్పాడు. అయినా ఆ ప్రశ్న పోలేదు. కానీ తాను ఆమెను ఒంటరిగా వదిలేశానన్న మాటను మాత్రం ఇక పూర్తిగా నమ్మలేకపోయాడు.

"పోలామా, అప్పా?" అంది కోగిలవాణి తమిళంలోనే, వెళ్దామా అని.

"రెండు ఈదులవతల మేడగదిలో రవీంద్రన్ ఉంటాడు" అన్నాడు అప్పడు. "అక్కడ దించు."

కచేరీకి నూట ఇరవై మంది దాకా వచ్చారు. సగం మంది చైనీస్ పిల్లలు, కొందరు మలయ్ సంగీతకారులు, కోవెల నుంచి ఏడెనిమిది మంది. చివరిది కోతపాట. గిటారు, డ్రమ్స్ చెలరేగే భాగం ముగిసి, క్రమ్‌హార్న్ ఒక్కటే మిగిలే చోటు వచ్చింది. రాసిన ప్రకారం అక్కడ ఎనిమిది ఆవర్తనాలే. అప్పడు మొదటి రెండూ ఉన్నవి ఉన్నట్టు ఊదాడు. మూడోదానికి అతని వేళ్ళు రంధ్రాల మీద సగం సగం జరిగాయి. పెదవి చెయ్యలేని పని వేలు చేసింది. స్వరం ఒకదానిలోంచి ఇంకొకదానిలోకి నెమ్మదిగా జారింది. అది ఇంగ్లండ్ పాటా కాదు, కోవెల పాటా కాదు. ఎనిమిది ముగిసినా అతను ఆగలేదు. రవీంద్రన్ గిటారు తీగల మీద అరచెయ్యి ఉంచి, తలెత్తకుండా నిలబడ్డాడు. ఫైజల్ పుల్లలు ఒళ్ళో పెట్టేసుకున్నాడు. ఊపిరి అయిపోయే వరకు అప్పడు ఊది, వాద్యం దించాడు. చప్పట్లు మోగాయి. అతను వాటిని సరిగా వినలేదు.

ఇది జరిగి రెండేళ్ళు. పెదవి అలాగే ఉంది. అప్పడికి ఇప్పుడు అరవై మూడు. బ్యాండ్ పాటలు ఎనిమిది రికార్డు చేశారు. కొనేవాళ్ళు కొద్దిమందే. శనివారాలు బంటింగ్‌లో బస్సెక్కి ఒక్కడే క్లాంగ్ వెళ్తాడు. పోయిన వారం రవీంద్రన్ కొత్త బాణీ తెచ్చాడు. ఐదు మాత్రల నడకలో వేగంగా వాయించి వినిపించాడు.

"గొర్రెలు కాసేవోడు ఇంత పరుగెత్తడు" అన్నాడు అప్పడు. "నెమ్మదిగా వాయించు సూద్దాం."

రవీంద్రన్ మళ్ళీ మొదలుపెట్టాడు.