ఐదో నెంబరు బనియను

ఐదు అంకె కుట్టడం అన్నిటికంటే కష్టం. ఒకటి, నాలుగు, ఏడు అన్నీ గీతలే కాబట్టి మిషను మీద సర్రున పోతాయి. ఐదుకు కింద బొజ్జ ఉంటుంది. ఎర్ర పాప్లిన్ గుడ్డకు అక్కడ చిన్న చిన్న గాట్లు పెట్టి అంచు మడవకపోతే ముడతలు పడుతుంది. మద్రాసు దగ్గర తిరువళ్ళూరులో మా వీధి వాలీబాల్ జట్టుకు బనియన్ల మీద నెంబర్లు కుట్టింది నేనే. అందుకే ఆ ఐదు గురించి మాట్లాడే హక్కు నాకుందని అనుకుంటాను, ఎవరేమనుకున్నా సరే.

జట్టులో ఎక్కువమంది మా తెలుగు ఇళ్ళ మగవాళ్ళు. సగం మంది పొద్దున్నే రైలెక్కి ఆవడి ఫ్యాక్టరీలకు పోయేవాళ్ళు, సగం మంది సేద్యం చేసుకునేవాళ్ళు. కెప్టెను మా ఆయనకు పెదనాన్న కొడుకు, నాకు బావ వరస. ఐదో నెంబరు వేసుకునే అతను మాత్రం మా వీధివాడు కాదు. రైలు పట్టాల అవతల, చర్చి పక్కన ఉండేవాడు. మాట్లాడేది మా తెలుగే. రైల్వేలో పట్టాలు బాగుచేసే గ్యాంగు పని చేసేవాడు. నన్ను అక్కా అనేవాడు. నెట్ దగ్గర అతను ఎగిరి కొడితే అవతలివాళ్ళు బంతిని చూసేది అది నేల తాకిన తర్వాతే. అతని కోసమే ఆదివారం ఆటలు చర్చి విడిచాక మొదలుపెట్టేవాళ్ళు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు తిరుత్తణిలో ఫైనల్ ఆడారు. ముందు రోజే అతని మోకాలు వాచి ఉంది. వద్దంటే వినలేదని తర్వాత అందరూ అన్నారు గానీ, వద్దన్నవాడు ఒక్కడూ నాకు కనిపించలేదు. "నువ్వు లేకుంటే ఏముందిరా, వచ్చి నిలబడితే చాలు" అన్నది మా బావే, నా చెవులారా విన్నాను. నిలబడటానికి వెళ్ళినవాడు ఎగిరాడు. ఆఖరి పాయింటు కొట్టి కింద పడేటప్పటికి మోకాలు పక్కకు తిరిగిపోయింది. కప్పు వచ్చింది. ఆ కాలు మళ్ళీ సరిగ్గా మడవలేదు. రైల్వేవాళ్ళు అతన్ని గ్యాంగు పనిలోంచి తీసి గేటు కాపలాకు వేశారు.

వారం తర్వాత మా బావ ఇంట్లో భోజనాలు. తిరుత్తణిలో అతన్ని భుజాల మీద మోసినవాళ్ళు హాల్లో కూర్చుని తిన్నారు. అతనికి బయట పంచలో ఆకు వేశారు. వడ్డించినవాళ్ళలో నేనూ ఉన్నాను, నోరెత్తలేదు. పెళ్ళై నాలుగేళ్ళైన కోడల్ని, నోరెత్తితే ఏమయ్యేదో నాకు తెలుసు. చేతులు కడుక్కున్నాక మా బావ పంచలోకి వచ్చి అందరి ముందూ అన్నాడు: "ఈ ఐదో నెంబరు ఇంక ఎవురికీ ఇచ్చేదే లేదు. ఇది నీది. ఎత్తి పెట్టేస్తాం." అందరూ చప్పట్లు కొట్టారు. అతను తల వంచుకుని నవ్వాడు.

మరుసటి ఏడు కొత్త బనియన్లు తెచ్చి నా మిషను పక్కన పెట్టి చీటీ ఇచ్చారు. ఒకటి నుంచి పది దాకా రాసి ఉంది. మధ్యలో ఐదు కూడా ఉంది. ఎవరికని అడిగితే మా బావ బామ్మర్దికట.

"ఎత్తి పెడతామంటిరే బావా?" అన్నాను.

"అది ఆ పొద్దు సంతోషంలో చెప్పిన మాటమ్మా. నెంబరుకి పూజ చేస్తామా ఏంది? విడు, కుట్టు."

ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే అదే. అయినా కుట్టాను. నా చేత్తోనే కుట్టాను, అది దాచను. ఆ ఆదివారం అతను కాలు ఈడ్చుకుంటూ గ్రౌండుకు వచ్చి సిమెంటు మెట్టు మీద కూర్చున్నాడు. ఆట అయ్యేదాకా ఆ బామ్మర్ది వీపునే చూశాడు. ఆ బామ్మర్దికి సర్వీసు నెట్ దాటితే గొప్ప. నేను గోడ పక్కన నిలబడి సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ తర్వాత ఐదు కుట్టనని తెగేసి చెప్పాను. ప్రతి ఏడూ చీటీలో ఐదు కొట్టేసి మిగతావి కుట్టి ఇచ్చేదాన్ని. ఐదో బనియను బజారు టైలరు దగ్గరికి పోయేది. బామ్మర్ది తర్వాత రైసు మిల్లు ఆయన కొడుకు, అతని తర్వాత బ్యాంకులో కొత్తగా చేరిన ఒకడు, ఇలా నలుగురు వేసుకున్నారు. ఇచ్చిన మాట ఏమైందని కనిపించిన ప్రతివాడినీ అడిగాను. పెళ్ళిళ్ళలో అడిగాను, రైలు ప్లాట్‌ఫారం మీద అడిగాను. "నీకేంది మే ఆ నెంబరు పిచ్చి" అని మా ఆయన విసుక్కునేవాడు. తొమ్మిదేళ్ళు చెవిటివాడి ముందు శంఖం ఊదాను. ఆ పంచలో చప్పట్లు కొట్టిన సంగతి గుర్తుందని ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు ఒప్పుకోలేదు. అతను మాత్రం ఆదివారం ఆదివారం వచ్చి మెట్టు మీద కూర్చునేవాడు.

తొమ్మిదో ఏడు మా బావ తనంతట తానే మా ఇంటికి వచ్చాడు.

"నువ్వే గెలిచినావమ్మా. ఐదు ఎత్తి పెడతా ఉండాం. సభ కూడా పెడతాం. అద్దంలో పెట్టి పటం కట్టేదానికి ఒక బనియను మీద మంచిగా కుట్టియ్యి."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చెప్పడానికి సిగ్గెందుకు. రెండు వరసల కుట్టు వేసి, ఇస్త్రీ చేసి ఇచ్చాను.

సభ సాయంత్రం స్కూలు గ్రౌండులో. వేదిక మీద ఆరు కుర్చీలు వేశారు. అందులో ముఖ్య అతిథికి ఒకటి, రైసు మిల్లు ఆయనకు ఒకటి ఉంది గానీ, ఎవరి కోసం సభ పెట్టారో అతనికి లేదు. పటం ఇచ్చే వేళకు పైకి పిలిచారు. అతను ఒక్కొక్క మెట్టే ఎక్కి వచ్చి మైకు పట్టుకున్నాడు.

"పటం వద్దు సార్. మా పెద్దోడు ఈ ఏడు జట్టులోకి వచ్చినాడు. ఆ నెంబరు కావాలని పోయిన నెలే అడిగినాడు. వాడికి ఇయ్యండి. వాడు ఏసుకుంటే నాకు చాలు."

మా బావ నవ్వుతూ మైకు లాక్కున్నాడు. "అది కుదరదు. ఇంక ఆ నెంబరు ఎవురికీ లేదు. రూలంటే రూలే."

పిల్లవాడు అడిగిన సంగతి నాకు అప్పుడే తెలిసింది. పోయిన నెల వాడు అడిగాడు, ఈ నెల వీళ్ళకు మాట గుర్తొచ్చింది. తొమ్మిదేళ్ళు నలుగురి వీపుల మీద ఊరేగిన అంకె, పట్టాల అవతలి పిల్లవాడి దాకా వచ్చేసరికి పూజకు పనికొచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి, "నీ బామ్మర్ది ఏసుకున్నప్పుడు యాడికి పొయ్యింది బావా ఈ రూలు?" అని అరిచాను. మా ఆయన చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. ముఖ్య అతిథికి తెలుగు రాదు, పొగుడుతున్నాననుకుని నాకు నమస్కారం పెట్టాడు. క్లబ్బుకు గది లేదని పటాన్ని తీసుకెళ్ళి మా బావ హాల్లోనే తగిలించారు.

మర్నాడు గేటు దగ్గరికి వెళ్ళాను. రైలు వస్తుందని గేటు వేసి ఉంది. "వీళ్ళని వదిలేది లేదు తమ్ముడా, ఇంటింటికీ పోయి అడుగుతా" అని నా కోపమంతా కక్కాను. అతను పచ్చ జెండా చేతిలో పట్టుకుని అంతా విన్నాడు.

"అక్కా, ఎత్తి పెట్టమని అడిగింది నువ్వు. నేను అడగలేదు. ఎవురు ఏసుకున్నా అది జట్టులోనే ఉండాది, ఒక పొద్దు నా కొడుకు దగ్గిరికి వస్తాదని చూస్తా కూచున్నా."

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు నన్ను అడగలేదే అక్కా."

నిజమే. ఊరంతా అడిగాను గానీ అతన్ని మాత్రం అడగలేదు. మా బావ మీద కోపం ఈనాటికీ తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశమూ నాకు లేదు. కానీ ఆ పొద్దు అతని ముందు ఆ కోపం పట్టుకుని నిలబడటానికి నాకు ముఖం చెల్లలేదు. రైలు వెళ్ళిపోయింది.

"జరగక్కా, గేటు ఎత్తాల" అన్నాడు.