ఖబీసా అయిపోయిన అరిసెలు

నా వంట తిని కడుపు పట్టుకున్నవాళ్ళు మీలోనే ఉన్నారు గానీ, నా వంట వల్ల ఇంటి మీదికి తుపాకులొచ్చిన సంగతి మీకెవరికీ తెలీదు. టీ తాగుతూ వినండి, చెప్తాను.

ఇరాకీ సైన్యం కువైట్‌లోకి వచ్చిన ఏడాదండి. అప్పుడు నేను హవల్లీ దాటాక ఒక కువైటీ ఇంట్లో పనిచేస్తున్నాను. మనవాళ్ళు చాలామంది బస్సులెక్కి బస్రా మీదుగా జోర్డాన్ వెళ్ళిపోయారు. నేను ఉండిపోయాను. నా పాస్‌పోర్టు కఫీల్ దగ్గరుంది. కఫీల్ అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్నాయన, మా ఇంటావిడ పెద్దకొడుకు. ఇంటావిడని నేను మామా అని పిలిచేదాన్ని. ఆయనేమో గొడవ మొదలయ్యేసరికి వేరే దేశంలో ఉన్నాడు. ఇంట్లో మిగిలింది ముగ్గురం. మోకాళ్ళ నొప్పులతో మామా, నేను, పైన స్టోర్ రూంలో పాత పరుపుల వెనకాల దాక్కున్న చిన్నకొడుకు ఫహద్. వయసులో ఉన్న మగాళ్ళు కనబడితే సైనికులు పట్టుకుపోతున్నారు. అందుకని వీధిలో అందరికీ ఫహద్ దేశంలోనే లేడని చెప్పాం.

డిసెంబరు వచ్చింది. చలి ముదిరింది. చర్చికి వెళ్ళేది లేదు, ఇంటి నుంచి ఉత్తరం లేదు. క్రిస్మస్ ముందురోజు వంటింట్లో ముక్కు చీదుకుంటుంటే మామా చూసింది.

"ఏమైంది సువార్తా?"

"ఈపాటికి మా పాలకొల్లులో అరిసెలు వండుతుంటారు మామా."

"అయితే నువ్వూ వండు. నీ చేతి అరిసెలంటే మీ ఊళ్ళో పడి చస్తారని ఎన్నేళ్ళుగా చెప్తున్నావు!"

చెప్పిన మాట నిజమే, చెప్పిందే నిజం కాదు. మా అమ్మ నన్నెప్పుడూ పాకం దగ్గరికి రానివ్వలేదండి. "నీ చెయ్యి పడితే బెల్లం కూడా ఏడుస్తుందే" అనేది. వేగిన అరిసెల్ని చెక్కల మధ్య పెట్టి నూనె నొక్కడం ఒక్కటే నా పని. ఆ నొక్కుడు చూసుకునే మామా దగ్గర గొప్పలు పోయాను.

బెల్లం ఎక్కడ దొరుకుతుంది? అలమరలో ఖర్జూరాల పాకం సీసా ఉంది. రంగు చూస్తే అచ్చం బెల్లం పాకమే. డబ్బాలో పొడి బియ్యప్పిండి ఉంది. బియ్యం నానబెట్టి, తడి ఆరకుండా పిండి కొట్టాలని మా అమ్మ వెయ్యిసార్లు చెప్పింది. వెయ్యిసార్లూ నేను వినలేదు. రెండూ కలిపేసి, ముద్ద తట్టి, మొదటి అరిసె నూనెలో వేశాను. వేసిన చోట అరిసె లేదు. రెండోది వేశాను. మొదటిదాన్ని వెతకడానికి వెళ్ళినట్టు అదీ మాయమైంది. మంట చాల్లేదేమో అనుకుని పెంచాను. ఇంకో నాలుగు వేశాను. నూనె నల్లగా పొంగి, ఇల్లంతా పొగ కమ్మేసింది. అప్పుడు నా తెలివి చూడండి, వీధి వైపు కిటికీ తెరిచాను.

కాసేపటికి గేటు దబదబా బాదారు. ఇరాకీ సైనికుడు, మీసాలాయన, చేతిలో తుపాకీ.

"ఏం తగలబెడుతున్నారు? కాగితాలా?"

మామా మొహం పాలిపోయింది. సైన్యాన్ని ఎదిరించేవాళ్ళ కాగితాలు తగలబెడుతున్నామని అనుమానమొస్తే ఇల్లంతా వెతుకుతారు.

"స్వీటు చేస్తున్నానండి," అన్నాను.

"స్వీటుకి ఇంత పొగా?" అంటూ వంటింట్లోకి నడిచాడు. సరిగ్గా అప్పుడే పైనుంచి దగ్గు వినబడింది. నా పొగ ఫహద్ దాకా వెళ్ళింది. మామా వెంటనే గట్టిగా దగ్గడం మొదలెట్టింది. నేనూ అందుకున్నాను. ఆ పొగకి ఆయన కూడా దగ్గాడు. ఎవరి దగ్గు ఎవరిదో తెలీకుండా పోయింది.

ఊరికే ఉండలేక, అరిసెలు విడిపోయి నూనెలో తేలిన పొడినంతా చిల్లుల గరిటెతో తీసి పళ్ళెంలో పోశాను. ఆయన చిటికెడు నోట్లో వేసుకున్నాడు. ప్రభువా, ఈయనకేమైనా అయితే మమ్మల్ని కాల్చేస్తారు అనుకున్నాను. ఆయన నములుతూ ఆగిపోయాడు.

"ఖబీసా," అన్నాడు మెల్లగా. "చలికాలం వస్తే మా అమ్మ చేసేది."

ఖబీసా అంటే పిండి వేయించి ఖర్జూర పాకం కలిపే పొడిపొడి హల్వా అని మామా తర్వాత చెప్పింది. ఆయన నిలబడే పళ్ళెం ఖాళీ చేశాడు.

"ఎవరు నేర్పారు నీకు?"

"మా అమ్మేనండి," అన్నాను. పాలకొల్లులో మా అమ్మకి ఆ క్షణాన పొలమారే ఉంటుంది.

సాయంత్రానికి మళ్ళీ వచ్చాడు. బియ్యం, పంచదార తెచ్చాడు. "ఎల్లుండి నలుగురం వస్తాం. ఇదే చెయ్యి."

మామా కుర్చీలో కూలబడింది. "రుచి మరిగారంటే వారం వారం వస్తారు. ఫహద్ ఎన్నాళ్ళని దగ్గకుండా ఉంటాడు?"

వాళ్ళు వస్తామన్న రోజు పొద్దున్నే మామా పైకెళ్ళి కొడుకు పక్కన కూర్చుంది. కింద నేనొక్కదాన్నే. భయంతో బుర్ర పనిచెయ్యలేదు. ఈసారి ఏ తప్పూ జరక్కూడదు అన్నదొక్కటే పట్టుకున్నాను. అమ్మ చెప్పినట్టే బియ్యం నానబెట్టి ఉంచాను. తడిపిండి కొట్టి జల్లించాను. పంచదార పాకం నీళ్ళలో వేసి ఉండ కడుతోందో లేదో చూశాను. మొన్నటి తప్పే వాళ్ళకి కావలసిందన్న సంగతి, ముప్పై అరిసెలు వేయించేదాకా నాకు తట్టలేదు.

గుండ్రంగా, ఎర్రగా, అంచు చెదరకుండా వచ్చాయండి. నేనే నమ్మలేదు.

నలుగురూ వచ్చారు. మీసాలాయన ఒకటి విరిచి కొరికాడు.

"ఇదేంటి? ఖబీసా ఏది?"

"అరిసెండి."

ఇంకో ముక్క నమిలి పక్కన పెట్టేశాడు. ముగ్గురి వైపూ తిరిగి, "మొన్న బాగా చేసింది, పాపం ఈవేళ పాడుచేసుకుంది," అని నా తరఫున క్షమాపణ చెప్పాడు. తలా ఒక ముక్క కొరికి, నీళ్ళు తాగి, ఖలాస్, వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. పైన ఫహద్ మాత్రం దుప్పటి కప్పుకుని తొమ్మిది తిన్నాడు.

యుద్ధం అయిపోయి, కఫీల్ తిరిగొచ్చి నా పాస్‌పోర్టు ఇచ్చాక ఇంటికెళ్ళాను. అమ్మకి మొదట చెప్పిన సంగతి ఇదే, నాకు అరిసెలు వచ్చేశాయని.

అమ్మ నమ్మలేదు. "తిన్నవాళ్ళు ఏమన్నారు?" అంది.

"నలుగురు సైనికులు తిన్నారమ్మా. మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు."

"అయితే నువ్వు చేసినవే," అంది అమ్మ.