మగ్గం గుంటల ఊరిన నీళ్ళు

నా చిన్నప్పుడు మా ఇంట్ల పొద్దున తెచ్చిన మొదటి కడవ నీళ్ళు తాగేటందుకు కాదు, మగ్గం గుంటల పోసేటందుకు. నవ్వకుండ్రి, ఉన్నదే చెప్తున్న. మాది దేవరకొండ అవతల ఒక చిన్న ఊరు. నేత పనోళ్ళం. ఇంట్ల నేల తవ్వి, ఆ గుంట అంచు మీద కూసోని, కాళ్ళు లోపటికి ఇడిసి నేసే మగ్గం మాది. మా దిక్కు నేల ఉత్త ఎండు నేల. ఎండాకాలం వడగాలికి పడుగు పోగులు టప్పుటప్పున తెగేటివి. గుంటల చెమ్మ ఉంటే పోగు మెత్తబడి తెగదు. గందుకే మా అమ్మ అంత దూరం బాయి నుంచి మోసుకొచ్చిన నీళ్ళల్ల ఒక కడవ గుంటకే పోసేది. నేను దూపైతుందని ఇంకో చెంబు అడిగితే పది మాటలు అనేది. గా గుంట మీద నాకు ఎంత కోపముండెనో ఏం చెప్పాలె.

తర్వాత వానలు వరుసబెట్టి ఎగ్గొట్టినయి. జొన్నలే పండని ఊర్ల చీరెలు ఎవరు కొంటరు? హాలియా దిక్కు సాగర్ కాలువ వచ్చిందని, వరి పండుతున్నదని, పెండ్లిళ్ళు ఘనంగ చేస్తున్నరని మా నాయిన చెవిల పడ్డది. ఇల్లు అమ్మిండు, మగ్గం విప్పిండు, బండి కట్టిండు. నాకప్పుడు తొమ్మిదేండ్లు. మగ్గం కర్రల నడుమ నన్ను కుక్కి కూసోబెట్టిండ్రు. దేవరకొండ గుట్ట కనపడకుండ పోయేదాక ఎనకకు తిరిగి ఏడుస్తనే ఉన్న. నాయిన ఒక్కసారి గూడ ఎనకకు చూడలె. అమ్మ చూసిందో లేదో నాకు తెల్వది, కొంగు మొకానికి అడ్డం పెట్టుకున్నది.

మేం దిగిన ఊరు హాలియాకు కోసెడు దూరం. ఎండాకాలం, కాలువ బందు పెట్టి ఉన్నది. మాకు దొరికిన కిరాయి ఇల్లు పల్లంల, పొలాల అంచుకు ఉండె. నాకు ఆ ఊరు మొదటి దినం నుంచే పడలె. ఆడ పిల్లలు నన్ను 'గుట్టల పిల్ల' అని పిలిచేటోళ్ళు. ఆటకు రానిచ్చేటోళ్ళు కాదు. ఇంట్ల కూసోని చరఖా మీద కండెలు చుట్టుకుంట, మేం ఎప్పుడు ఎనకకు పోతమా అని అదే ధ్యాస.

వచ్చిన మూడో దినమే నాయిన గుంట తవ్వుడు మొదలుపెట్టిండు. మోకాలు దాటంగనే మన్ను చల్లగ తగిలింది. నాయిన ఆ మన్ను పిడికిట్ల పిసికి, అమ్మకు చూపించి, ఎన్నడు లేనిది నవ్విండు. ఈడ గుంటకు నీళ్ళు పోసే పనే లేదు, నేలనే పోగును తడుపుతది అన్నడు. మా ఊర్లనైతే గుంట లోతు ఆడికే చాలు. నాయినకు ఆశ పుట్టి, తొక్కుడు కర్రల కింద ఇంకో మూరెడు లోతు తవ్విండు. ఎండు నేల మీద పెరిగినోళ్ళం, చెమ్మంటే మాకు లక్ష్మీదేవి వచ్చినట్టే. దానికి భయపడాలె అని ఎవరికి తోస్తది?

తోచింది ఒక్క పక్కింటి పెద్దమ్మకు. రెండిండ్లకు నడుమ ఒక పొట్టి మట్టి గోడ ఉండె. ఆమె ఎవుసం చేసుకునే ఇంటి మనిషి, ఇద్దరు కొడుకులు. అమ్మ బాయికాడికి పోయింది, కొత్తగ వచ్చిన ఇంటి మొగాయనతోని మొకాన మొకం మాట్లాడుడు ఆమెకు పద్ధతి కాదు. గోడ కాడ నిలబడి నన్ను పిలిచి చెప్పింది. పోయినేడు కాలువ ఇడిసినంక వాళ్ళ పాతరల నీళ్ళు ఊరినయట. పాతరంటే భూమిల తవ్వి జొన్నలు దాచే గొయ్యి. ఏడాది గింజ మొత్తం మురిగి కంపు లేసిందట. మీ నాయినకు చెప్పు బిడ్డా, ఈ పల్లంల గుంట వద్దు, కాలువ ఇడిస్తే నీళ్ళు ఊరుతయి, మర్చిపోకు అన్నది. నేను తలకాయ ఊపిన.

నేను మర్చిపోలె. చెప్పలె. గంతే. నీళ్ళు వస్తే మగ్గం నడవది, మగ్గం నడవకపోతే నాయిన బండి కట్టి మమ్ములను ఎనకకు తోలుకపోతడు. నా తొమ్మిదేండ్ల బుర్రకు అది ఎంత మంచి ఉపాయం అనిపించిందో! ఎవ్వరికి చెప్పకుండ నోట్ల బెల్లంగడ్డ దాచుకున్నట్టు దాచుకున్న. పెద్దమ్మనేమో, చెప్పినా ఇనలేదు, నేత పనోళ్ళకు వాళ్ళ పని తెల్వదా అనుకోని ఊకున్నదట.

రెండు నెలలు తువ్వాలలు నేసిండు నాయిన. అవి చూసి ఊర్ల ఒక పెద్ద రైతు తన బిడ్డ పెండ్లికి బట్టలు చెప్పిండు. చీరె, ధోవతి, శ్రావణంల లగ్గం. ఆ ఊర్ల అది మాకు దొరికిన మొదటి పెద్ద పని. పెండ్లి బట్ట పడుగు మొత్తంగ మగ్గం మీద తెగితే అపశకునమని ఎవ్వరు ముట్టరు. నాయిన పసుపు బొట్టు పెట్టి పడుగు ఎక్కించిండు. అది ఎక్కిన వారానికే కాలువ ఇడిసిండ్రు. ఊరు ఊరంత గట్టు మీదికి ఉరికింది. నేను గుంటల దిగి చెయ్యి పెట్టి చూసిన. మన్ను మెత్తగ అయితున్నది. ఆ దినం పోగు ఒక్కటి గూడ తెగలేదని నాయిన సంబురపడ్డడు. నేను గూడ లోపల లోపల సంబురపడ్డ, నా లెక్క నాది.

అదే మాపటికి, నేను కండెలు చుడుతుంటె అమ్మ నాయినను అడిగింది, ఈడ కుదురుకోకపోతే మన ఊరికి పోదామా అని. నాయిన చెయ్యి ఆపలె, పోగుల నడుమ నాడె అటిటు ఇసురుకుంటనే చెప్పిండు.

"ఏ ఊరికి పోతమే? ఇల్లు అమ్మిన, ఆడ ఏమున్నది? ఈ పెండ్లి బట్ట మంచిగ దిగితే ఈడ బతుకుతం. దిగకపోతే నేను షోలాపురం మిల్లుకు పోత. నువ్వు పిల్లను తోలుకోని మీ అన్న కాడ ఉండు."

నా చేతుల దారం తెగింది. మా ఊర్ల నుంచి షోలాపురం పోయినోళ్ళను నాకు ఎరుకే. ఇద్దరు ముగ్గురు పోయిండ్రు, ఎప్పుడో పండుగకు ఒకసారి వచ్చేటోళ్ళు, పిల్లలు వాళ్ళను గుర్తుపట్టక అమ్మ కొంగు ఎనక దాక్కునేటోళ్ళు. నా ఉపాయం నా మెడకే సుట్టుకున్నది. ఇప్పుడన్న చెప్దామంటే, పెద్దమ్మ నీకెప్పుడు చెప్పిందే అని అడుగుతడు. రెండు నెలల కిందనే చెప్పిందని ఏ నోటితోని చెప్పాలె?

చెప్పలేక ఇంకో పని చేసిన. కోడి కూయంగనే లేచి, చెంబు పట్టుకోని గుంటల దిగిన. తొక్కుడు కర్రల కింద నీళ్ళు ఊరి ఉన్నయి. ముంచి బకీట్ల పోసి, ఇంటెనక గోడ కాడ ఒంపి, ఏం తెల్వనట్టు వచ్చి పండుకున్న. మొదటి దినం పది చెంబులు. రెండో దినం నలభై దాటినంక లెక్క మర్చిపోయిన. నాయిన పొద్దున కూసోని, ఇంత తడి ఎందుకే, అలవాటు పోక ఇంకా నీళ్ళు పోస్తున్నవా అని అమ్మను నవ్విండు. నేను పొయ్యలేదు అన్నది అమ్మ. ఇద్దరు ఒకరి మొకం ఒకరు చూసుకున్నరు. నేను చరఖా మీద తలకాయ వంచుకోని తిప్పుతనే ఉన్న.

మూడో దినం ఎంత తోడినా నీళ్ళు దిగలె. నేను ముంచుతున్నకొద్ది ఊరుతున్నయి. తెల్లారిపోయింది. బకీటు మోసుకోని గోడ కాడికి పోతే, అవతల పెద్దమ్మ పేడకళ్ళు ఎత్తుకుంట నన్నే చూస్తున్నది. బకీటును చూసింది, నా తడి లంగను చూసింది, నా మొకం చూసింది. చెప్పలేదా బిడ్డా అన్నది. నేను ఏడుపు ఆపుకోలేకపోయిన. ఆమె చేతులు కడుక్కోకుండనే గోడ తిరిగి వచ్చి, నా రెక్క పట్టుకోని మా ఇంట్లకు నడిచింది.

మేం ఇంటి కడప దాటేసరికే నాయిన కేక ఇనపడ్డది. ఆయన కూసున్న అంచు నాని, గుంటలకు జారిపోయింది. ఆయన నీళ్ళల్ల పడ్డడు. మగ్గం గుంజ పాతిన కాడ మన్ను మెత్తబడి, గుంజ మెల్లగ వంగుతున్నది. అది పడితే పడుగు మొత్తం తెగుతది. నాయిన గుంజను రెండు చేతులతోని కావలించుకోని నిలబడ్డడు. ఒక్కో పోగు తెగుతున్న సప్పుడు నాకు ఇప్పటికి చెవిల ఉన్నది. పెద్దమ్మ పద్ధతి గిద్ధతి ఏం చూడలె. చీరె కచ్చ పెట్టి గుంటల దిగి, నాయిన పక్కన అదే గుంజను పట్టుకున్నది. మా కొడుకులను పిలువు అని నా మీద అరిచింది. ఉరికిన. వాళ్ళు బండి మోకులు తెచ్చి గుంజను పై దూలానికి కట్టేదాక, అమ్మ రెండో దిక్కు గుంజను ఈపుతోని ఆనించి పట్టుకున్నది. ఎంత సేపో తెల్వది, నాకైతే ఒక ఏడాది లెక్క అనిపించింది.

పడుగు నిలబడ్డది. తెగిన పోగులు అమ్మ ఒక్కొక్కటే ముడేస్తున్నది. నాయిన పిక్కలదాక బురద నీళ్ళల్ల నిలబడి, గుంజను ఇంకా ఇడువకుండ, ఇంత పెద్ద ఊర్ల ఒక్కరన్న మాకు ఒక మాట చెప్పొద్దా అన్నడు. నేను గోడకు అతుక్కోని నిలబడ్డ. పెద్దమ్మ నా దిక్కు ఒక్కసారి చూసి, కండ్లు తిప్పుకున్నది.

"తప్పు నాదే తమ్మీ. నువ్వు తవ్వుతుంటె గోడ మీంచి చూసిన. చెప్పాల్సింది, చెప్పలె."

నాయిన మామూలుగ నోరు జారే మనిషి కాదు. గా దినం జారిండు. పరాయోళ్ళం, మునిగితే మాకేంది అనుకున్నరా అన్నడు. ఇంకా చాన అన్నడు. ఆమె తల వంచుకోని అన్ని పడ్డది. తడి చీరెతోని నా పక్క నుంచే నడిచిపోయింది, నన్ను మళ్ళ చూడలె. నేను గోడను ఇడువలె. గింత పిరికిదాన్ని నేనని నాకు గా దినమే తెల్సింది.

తెల్లారి ఆమె కొడుకులు బండెడు రాళ్ళు తెచ్చి మా వాకిట్ల పోసిండ్రు. పాతర మురిగినంక వాళ్ళు జొన్నలను రాళ్ళ మీద గుమ్మి కట్టి దాచుకున్నరట. మీ మగ్గాన్ని గూడ గట్లనే పైకి లేపమని మా అమ్మ చెప్పింది అన్నరు. నాయిన మొకం ముడుచుకున్నడు గాని, వేరే దారి లేదు. గుంట పూడ్చి, రాళ్ళు, మన్నుతోని నడుమెత్తు అరుగు కట్టిండ్రు. ఆ అరుగు నడుమ కాళ్ళు ఇడిసేంత సందు ఇడిసిపెట్టిండ్రు. గుంట నేల కిందికి కాకుండ నేల మీదికి వచ్చింది. నాలుగు దినాలకు మగ్గం మళ్ళ పలికింది.

గా నాలుగు దినాల్ల నాకు అన్నం సయించలె. ఐదో దినం గోడ తిరిగి పోయిన. పెద్దమ్మ చాటల జొన్నలు చెరుగుతున్నది. ఎందుకట్ల చెప్పినవ్ పెద్దమ్మా అని అడిగిన. ఆమె చాట ఆపలె.

"అప్పుడు మీ నాయిన చేతుల గుంజ ఉండె, కడుపుల మంట ఉండె. గా తప్పు అప్పుడు నీకు బరువైతుండె బిడ్డా. నా కాడ పెట్టుకున్న. నీది నీకు మోసే బలం వచ్చినప్పుడు వచ్చి తీస్కపో."

కోప్పడ్డా బాగుండు అనిపించింది. ఆమె నా చేతుల గుప్పెడు జొన్నలు పోసి పంపింది.

పెండ్లి బట్టలు లగ్గానికి మూడు దినాల ముందే దిగినయి. తెగిన పోగు ముడి యాడున్నదో నేసినోళ్ళకే తెల్వాలె, అంత మంచిగ దిగినయి. మిగిలిన పడుగుతోని నాయిన ఒక తువ్వాల నేసిండు. దానికి పసుపు అద్ది, రాళ్ళు మోసిన పిలగాండ్లకు ఇస్త అన్నడు. వాళ్ళమ్మకు ఇయ్యవా అని అమ్మ అడిగింది. చూసి ఊకున్న మనిషి కడప నేను తొక్క అన్నడు నాయిన.

నేను చరఖా కాడి నుంచి లేచి నాయిన ముందర నిలబడ్డ. పెద్దమ్మ చెప్పింది నాయినా, గుంట తవ్విన దినమే నాకు చెప్పింది, నేనే నీకు చెప్పలె అన్న. ఎందుకో గూడ చెప్పిన, ఎనకకు పోవాలె అని. నీళ్ళు తోడింది చెప్పిన. ఆఖరికి పెద్దమ్మ చాట ముందర కూసోని అన్న మాట గూడ చెప్పిన.

నాయిన చెయ్యి లేస్తదని కండ్లు మూసుకున్న. ఎంతసేపటికి లేవలె. కండ్లు తెరిస్తే ఆయన తువ్వాల మడతపెడుతున్నడు. నా చెయ్యి పట్టుకోని గోడ తిరిగి పెద్దమ్మ కడపకాడికి నడిచిండు. ఆమెను చూసి చెప్పులు ఇడిసిండు, తువ్వాల రెండు చేతులతోని అందించిండు. పరాయోళ్ళం అన్న నోటితోనే అక్కా అన్నడు.

"అక్కా, మా పిల్ల నీ కాడ ఏదో పెట్టి మర్చిపోయిందట. తీస్కపోదామని వచ్చినం."

బలం తొందరగనే వచ్చింది అన్నది పెద్దమ్మ. తువ్వాల కండ్లకద్దుకున్నది. మేం ఆ ఊర్లనే ఉండిపోయినం. నా పెండ్లి చీరె గూడ ఆ అరుగు మీది మగ్గం మీదనే దిగింది.

ఇప్పుడు నాకు పండ్లూడినయి. ఎవరన్న ఒక మాట చెప్పి పంపితే, చెప్పులు ఇడువక ముందే చెప్పేస్త. పిల్లలు దానికి నన్ను నవ్వుతరు. ఇంకోటి గూడ చేస్త, అది వాళ్ళకు తెల్వది. మనుమలల్ల ఎవరన్న ఏదన్న పలగ్గొట్టి, గోడకు అతుక్కోని నిలబడితే, నా చెయ్యి తగిలి పడ్డదని నేనే అంట. మా కోడలు నాకు చూపు తగ్గిందని అనుకుంటది, అనుకోనీ. దినానికో నెలకో ఒకరొచ్చి నా ఒడిల తలకాయ పెట్టి, నానమ్మా అది నేనే అని చెప్పి, ఎవరిది వాళ్ళు తీస్కపోతరు. చిన్నోడిది ఒకటి ఇంకా నా కాడనే ఉన్నది.