చైర్మన్ సాబ్

అల్ రయ్యాన్ క్యాంపులో మా గదిలో ఉండే పెద్దాయనను అందరం చైర్మన్ సాబ్ అనేవాళ్లం. ఇప్పుడెక్కడున్నాడో తెలియదు. ఊళ్లో కౌన్సిలర్‌గా ఉన్నప్పుడు, చైర్మన్ మంచాన పడితే మూడు నెలలు ఆ కుర్చీలో కూర్చున్నాడట. తర్వాత ఎన్నికల్లో ఓడి, పైపుల పనికి ఖతర్ వచ్చాడు. గదిలో ఎవరు ఏ కష్టం చెప్పినా "రాసియ్యి, చూస్త" అనేవాడు.

ఒక శుక్రవారం పొద్దున పాత వార్డు నుంచి ఒకామె వాట్సాప్‌లో ఫోన్ చేసింది.

"సారూ, మా గల్లీల నల్లా వస్తలేదు."

ఆయన దేశం దాటిన సంగతి ఆమెకు తెలియదు. ఆయనా చెప్పలేదు. మునిసిపాలిటీలో తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేసి బతిమాలాడు. సాయంత్రం ఆమే మళ్లీ చేసింది.

"నీళ్లొచ్చినయ్ సారూ. ఒక్కసారొచ్చి చాయ్ తాగిపోండ్రి."



"వస్తనమ్మా," అన్నాడు. "ఇప్పుడు డ్యూటీల ఉన్న."

ఆ రోజు మాకు సెలవు.