బాంబులాయన

మా ఊళ్లో నన్ను బాంబులాయన అంటారు. ఎయిర్‌ఫోర్స్‌లో ఇరవయ్యేళ్లు చేసి వచ్చినవాణ్ణి, మిలిటరీ ఆయన అని పిలవొచ్చు కదా అంటే, ఆ పేరు నాకంటే ముందు రిటైరైన ఇంకొకాయనకి పోయింది. నాకు మిగిలింది ఇది. మొదట్లో నచ్చింది కూడా. గురజాల బస్సులో ఎవరైనా అలా పిలిచి సీటిస్తే మీసం దువ్వుకుంటూ కూర్చున్న రోజులున్నాయి.

నిజానికి నా పని విమానాలకి బాంబులు తగిలించడం. నడిపింది నేను కాదు, వేసింది నేను కాదు, తయారు చేయడం నాకు రానే రాదు. బాంబులు వేసే విమానాల స్క్వాడ్రన్‌లో ఆయుధాల విభాగంలో ఉండేవాణ్ణి. ఏ సరిహద్దు, ఏ స్టేషను అనేది రాయను. చెప్పనని సంతకం పెట్టి వచ్చాను, నా సంతకానికి జీవితంలో అంత విలువిచ్చింది వాళ్లొక్కరే.

యుద్ధం అంటే సినిమాలో చూసినట్టు ఒకటే హడావుడిగా ఉంటుందనుకుంటారు. మాకు మాత్రం అందులో ముప్పాతిక భాగం ఎదురుచూడటమే. కాంక్రీటు షెడ్డులో విమానం, దాని రెక్క నీడలో మేము. ఫోన్లు ముందే తీసేసుకున్నారు. స్టీలు కూజాలో టీ వచ్చేది, మెస్సు నుంచి వచ్చేలోపే సగం చల్లారిపోయేది. పూరీ, బంగాళదుంప కూర పొద్దున అదే, రాత్రి అదే. అన్నం మొహం చూసి ఎన్నాళ్లయిందో అని నేనూ, ఒక తమిళ కుర్రాడూ వాపోయేవాళ్లం. అంతలో ట్రాలీల మీద బాంబులు వచ్చేవి. ఇక అప్పుడు మాటలుండవు.

వాటిని ముట్టుకునే ముందు ఒంటి మీద లోహం ఏదున్నా తీసేయాలి. ఉంగరాలు, వాచీలు సరే. ఒకరోజు చెమటకి చొక్కా విప్పితే నా వెండి మొలతాడు మా విభాగం పెద్దాయన కంట పడింది. అదీ తీయమన్నాడు. పెళ్లాం బతికుండగా మగాడు మొలతాడు తీయకూడదంటారు మా వైపు. హిందీలో ఈ సంగతి ఎలా చెప్పాలో తెలియలేదు, చెప్పినా ఆయన వినే మనిషి కాదు. తీసి జేబురుమాల్లో చుట్టి అరలో పెట్టాను. తర్వాత సెలవులో వచ్చినప్పుడు మా ఆవిడకి చెబితే, అయితే నేను పోయినట్టే లెక్కా అని నవ్వింది. ఆ సాయంత్రం గుళ్లో దీపం పెట్టి వచ్చిందని మాత్రం మా అమ్మ చెప్పింది.

బాంబులు తగిలించాక వాటికి ఎర్ర రిబ్బన్లున్న పిన్నులు ఉంటాయి. అవి ఉన్నంతసేపూ బాంబు ఉత్త ఇనుము. విమానం కదలబోయే ముందు ఆ పిన్నులు లాగేసి, పైలట్‌కి కనపడేలా చేత్తో ఎత్తి చూపించాలి. ఆయన చూసి తలూపాలి. ఆ తలూపడం తర్వాత అంతా ఆయనది. విమానం వెళ్లిపోయేది, మేము పిన్నులు పట్టుకుని మిగిలేవాళ్లం. తిరిగొస్తున్న చప్పుడు వినపడగానే అందరం బయటికి వచ్చేవాళ్లం. సిగ్గుపడాల్సిన మాటే గానీ చెబుతాను, పైలట్ మొహం కన్నా ముందు మా కళ్లు రెక్కల కిందకి పోయేవి. అక్కడ ఖాళీగా ఉంటే కేకలు, ఈలలు. మా పని సక్రమంగా జరిగినట్టు.

ఒకసారి ఒక బాంబు ఊడకుండా అలాగే వచ్చింది. ఈలలు లేవు. ఎవరో ఒకరు దాని కిందికి వెళ్లి పిన్ను మళ్లీ పెట్టాలి, ఆ రోజు ఆ ఒకరు నేను. అరచేతులు చెమటతో జారిపోతుంటే ప్యాంటుకి తుడుచుకుంటూ పెట్టాను. భయం వేయలేదా అని మా వాళ్లు ఇప్పటికీ అడుగుతారు. వేసింది. ఆ భయం నా గురించి నేను పడ్డ భయం, అందులో చెప్పుకోవడానికి ఇబ్బందేం లేదు.

చెప్పుకోలేనిది ఇంకొకటుంది. ఒకరోజు మా ఆఫీసరు మమ్మల్ని పిలిచి, మీ కష్టం ఎక్కడ పడిందో మీరూ చూడండని ఒక వీడియో చూపించాడు. నలుపు తెలుపు బొమ్మ, చప్పుడు లేదు. మధ్యలో షెడ్డో ఇల్లో తెలియని కట్టడం. దాని ముందు నుంచి ఒక చిన్న చుక్క కదిలింది. కొంత దూరం పోయి ఆగింది. ఏదో మర్చిపోయిన మనిషిలా వెనక్కి తిరిగి లోపలికి పోయింది. తర్వాత తెర మొత్తం తెల్లబడింది. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. అది శత్రువుల ఆయుధాల గోడౌన్ అన్నాడు ఆఫీసరు. అయ్యుంటుంది. అబద్ధం చెప్పాల్సిన అవసరం ఆయనకి లేదు. కానీ ఆ చుక్క ఏం మర్చిపోయి వెనక్కి వెళ్లిందా అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

రిటైరై నడికుడిలో రైలు దిగినప్పుడు నేను అనుకున్నది ఒక్కటే, ఇక ఎవరి జోలికీ పోకుండా రెండెకరాల మిర్చి, ఒక గేదెతో బతికేయాలని. అయితే మా ఊళ్లో ఎవరి జోలికీ పోకుండా ఉండటం కుదరదు. ప్రతిదీ రెండు వర్గాల్లో ఒకదానిది. టీ కొట్టు, మంచినీళ్ల ప్లాంటు, సూది వేసే ఆర్ఎంపీ, అన్నీ. వచ్చిన కొత్తలోనే సర్పంచి గారు నాకు సన్మానం పెట్టారు. మా తాతల నాటి నుంచీ మాది వాళ్ల వర్గమే. శాలువా కప్పారు, ఫ్లెక్సీ కట్టారు. ఫ్లెక్సీలో నా ఫొటో వెనక విమానం బొమ్మ ప్రయాణికులు ఎక్కేది. దానికి వరసగా కిటికీలు కూడా ఉన్నాయి. నేను నవ్వుకుని ఊరుకున్నాను.

మా గోడ పక్కిల్లు అవతలి వర్గానిది. ఆ ఇంటాయన నాకు వరసకి బావ, చిన్నప్పుడు ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లం. మా రెండిళ్ల మధ్య గోడకి మా నాన్నల కాలంలోనే ఒక చిన్న తలుపు పెట్టారు. ఎలక్షన్లలో తలలు పగిలిన సంవత్సరం కూడా ఆ తలుపులోంచి కూర గిన్నెలు అటూ ఇటూ నడిచాయి. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మా అమ్మకి మందులు తెచ్చిపెట్టింది ఆయనే. ఊళ్లో నాకు మనిషంటూ ఒకరుంటే అది మా బావ.

పంచాయతీ ఎలక్షన్లు దగ్గరికి వచ్చాయి. టీ కొట్టు దగ్గర మా వర్గం వాడెవడో అవతలివాళ్లతో మాటా మాటా పెరిగి, మా వైపు ఎయిర్‌ఫోర్స్ బాంబులాయన ఉన్నాడు, జాగ్రత్త అన్నాడట. నాటుబాంబులు ఎరగని ఊరు కాదు మాది. మా ఆవిడ చెబితే పడీ పడీ నవ్వాను. బాంబుకి విమానం కావాలి, దానికి వంద మంది కావాలి, నేనేమన్నా పెరట్లో రన్‌వే వేశానా అన్నాను. ఆవిడ నవ్వలేదు. ఉద్యోగం ఏందని అడిగినప్పుడు కరెంటు పని అని చెప్పుంటే పోయేదిగా అంది.

వారం తిరక్కుండా పోలీసు స్టేషను నుంచి కబురొచ్చింది. ఎలక్షన్ల ముందు గొడవలు చేస్తారనుకున్నవాళ్లని తాసిల్దారు ముందు బైండోవర్ చేయిస్తారు. ఆ వరసలో నన్నూ నిలబెట్టారు. నా ముందు ఒక పాత కేసుల మనిషి, నా వెనక ఇంకొకడు. అంత దేశానికి పనిచేసి వచ్చి, శాంతిగా ఉంటానని సంతకం పెట్టాను. కోపంతో చెవులు వేడెక్కిపోయాయి. తిన్నగా సర్పంచి గారింటికి పోయి, ఈ పుకారు ఆపండి, నాకు బాంబు చేయడం రాదని మీరే నలుగురిలో చెప్పండి అన్నాను.

ఆయన తాపీగా వక్కపొడి నోట్లో వేసుకున్నాడు. "నీకు రాదని మనకి తెలుసు. వాళ్లకి తెలియాల్సిన పనేముంది? చూడబ్బాయా, నీ పేరు చెప్పుకుని ఈసారి ఊళ్లో కర్ర కూడా లేవలా."

ఆయన అన్నది నిజమే, అదే నన్ను దెబ్బ తీసింది. నామినేషన్లనాడు ప్రతిసారీ జరిగే రాళ్ల యుద్ధం జరగలేదు. అవతలివాళ్ల కుర్రాళ్లు చీకటి పడకముందే ఇళ్లకి పోతున్నారు. మా ఆఫీసర్లూ ఇదే చెప్పేవాళ్లు, విమానం లేవక్కర్లేదు, ఉందని తెలిస్తే చాలు అని. నేను ఊరుకున్నాను. నలుగురూ క్షేమంగా ఉంటే నన్ను ఏమనుకుంటేనేం అని నాకు నేను చెప్పుకున్నాను.

అప్పుడే మా బావ కూతురు పురిటికి పుట్టింటికి వచ్చింది. నేను సెలవుల్లో వచ్చినప్పుడల్లా నా టోపీ పెట్టుకుని పరిగెత్తిన పిల్ల. వచ్చిన రోజు మా ఆవిడ సున్నుండలు పట్టుకెళ్తే తీసుకున్నారు గానీ కూర్చోమనలేదట. మర్నాడు గోడ తలుపుకి అటు నుంచి గొళ్లెం పడింది. ఆ పిల్ల మంచం మా వైపు గదిలోంచి అటు చివరి గదికి మార్చారని పాలు పోసే ఆమె చెప్పింది. మా డాబా మీద, వాళ్ల గోడకి ఆనుకుని ఒక రేకుల గది ఉంది. దానికి తాళం ఉంటుంది, లోపల నా నల్ల ట్రంకు పెట్టె, పాత మోటారు. పిల్లని ఆ గది పక్కన పడుకోబెట్టడానికి వాళ్లకి ధైర్యం చాలలేదు.

నేను వెళ్లి మా బావని చెయ్యి పట్టుకుని డాబా మీదికి తీసుకొచ్చాను. తాళం తీశాను, పెట్టె తెరిచాను. రెండు యూనిఫారాలు, ఒక దుప్పటి, స్క్వాడ్రన్ వాళ్లు ఇచ్చిన కప్పు. ఆయన వాటి వంక సరిగ్గా చూడను కూడా చూడలేదు. పిట్టగోడ మీద కూర్చుని కింద వాళ్ల వాకిలి వైపు చూశాడు.

"బావా, నువ్వు చెయ్యవని నాకు తెలుసు," అన్నాడు. "చెయ్యగలవని కూడా అందరూ అంటన్నారు. కడుపుతో ఉన్న పిల్లని పెట్టుకుని ఆ రెండో మాట మర్చిపొమ్మంటే ఎట్టా?"

రాదని చెప్పాను. ఒట్టు వేశాను. ఆయన తలూపాడు. ఆ మధ్యాహ్నమే వాకిట్లోకి ఆటో వచ్చింది. పిల్లని నరసరావుపేటలో వాళ్ల పిన్నమ్మ ఇంటికి పంపించేస్తున్నారు, ఎలక్షన్లు అయిందాకా. నేను మా గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఆ పిల్ల నడుము పట్టుకుని మెల్లగా ఆటో దాకా నడిచింది. అక్కడ ఆగి, వెనక్కి తిరిగి మళ్లీ ఇంట్లోకి వెళ్లింది. ఫోను చార్జరు మర్చిపోయిందట. నేను గడప మీద కూర్చుండిపోయాను. ఇన్నేళ్లూ ఆ తెల్లటి తెర అవతల ఎవరున్నారో తెలియకపోవడం వల్లే నేను అన్నం తిని నిద్రపోగలిగాను. ఇప్పుడు తెలిసిన పిల్ల, తెలిసిన వాకిలి, భయం నా వల్ల. ఆమె ఆటో ఎక్కేటప్పుడు మామయ్యా వెళ్లొస్తాను అని అలవాటుగా అంది. జాగ్రత్తమ్మా అన్నాను. ఆ మాట నా నోట ఎలా వినపడి ఉంటుందో అని తర్వాత బాధపడ్డాను.

ఎలక్షన్లు ప్రశాంతంగా జరిగాయి. మళ్లీ మా వర్గమే గెలిచింది. అంతకు రెండ్రోజుల ముందే మా బావకి మనవరాలు పుట్టింది. మా ఆవిడ తన పాత నూలు చీరలతో మెత్తటి బొంత కుట్టింది. మోకాళ్ల నొప్పితో తను రాలేక, నన్ను వెళ్లమంది. బొంత, బత్తాయిలు సంచిలో వేసుకుని నరసరావుపేట నర్సింగ్‌హోముకి వెళ్లాను. మా బావ వరండాలోనే ఎదురొచ్చాడు. మొహం సంతోషంతో వెలిగిపోతోంది, తల్లీ పిల్లా బాగున్నారని చెప్పాడు. నా చేతిలో సంచి అందుకున్నాడు.

అందుకుని, లోపలికి తీసుకెళ్లబోయే ముందు ఒక్క క్షణం ఆగాడు. సంచి బెంచీ మీద పెట్టి బత్తాయిలు ఒక పక్కకి జరిపాడు. బొంత పైకి తీసి, మడతల మధ్య చెయ్యి పెట్టి అడుగుదాకా తడిమి చూశాడు. నేను చూస్తున్నానని ఆయనకి తెలుసు. కన్నీళ్లు పెట్టుకున్నాడు గానీ తడమడం మాత్రం ఆపలేదు. నాకు కోపం రాలేదు. ఆయన స్థానంలో నేనున్నా చూసేవాణ్ణి, ఇంకా ఓపిగ్గా చూసేవాణ్ణి.

"లోపలికి రా బావా, పిల్లని చూద్దువుగాని," అన్నాడు.

గది తలుపు కొద్దిగా తెరిచే ఉంది. మంచం మీద పిల్లతల్లి మా మాటలు విని, పక్కలో ఉన్న బిడ్డని ఎత్తి గుండెకి హత్తుకోవడం నాకు కనపడింది. ఇంకోసారి వస్తానులే, బస్సుకి టైమయిందని చెప్పి వచ్చేశాను.